నడచువాని చెవిలో పాట

కార్తికమాసపు తెల్లవారుజామున ధ్వనిముద్రణ యంత్రమును భుజమునకు తగిలించుకొని మేము కడియము చేరితిమి. నర్సరీల నడుమ ప్రభాతవేళ వినవచ్చు చప్పుళ్లను సేకరించి, ఒక రూపకమునకు నేపథ్యముగా వాడుకొనవలెనని మా ఉద్దేశము. కడియపులంక పూలబజారులో బంతిపూల బుట్టలు దింపు సందడి, మొక్కలపై నీరు చిమ్ము గొట్టముల సవ్వడి, జాతీయ రహదారిపై లారీల హోరు, ఇవన్నియు సులభముగనే దొరికినవి. తరువాత కాలువగట్టునకు పోతిమి. అచ్చట నడకకు వచ్చిన పెద్దలును, పరుగునకు వచ్చిన యువకులును కనబడిరి. వారిలో పలువురి చెవులలో తెల్లనివో నల్లనివో చిన్న గుబ్బలున్నవి. ఎవరి పాట వారు వినుచు, ఎవరి దారిన వారు పోవుచున్నారు. మైకును ఎంతసేపు చేతబట్టి నిలుచున్నను ఆ గట్టుమీద మనిషి గొంతుక ఒక్కటియు దానియందు పడలేదు. అడుగుల చప్పుడు మాత్రము పడినది.

కేంద్రమునకు తిరిగివచ్చి ఆ ముద్రణమును వినుచుండగా, మాతో పనిచేయు యువతి ఒకరు, "సార్, కీచురాళ్లు ఎంత బాగా పడ్డాయో వినండి" అనిరి. మేము విన్నాము. నీటి చప్పుడు వినబడినది, దూరమున కుక్క మొరిగినది, కీచురాయి జాడ లేదు. ఆమె పరిహాసమాడుచున్నదని మొదట అనుకొంటిమి. ఆమె కంప్యూటరు తెరపై ధ్వని పట్టికను తెరచి, పైభాగమున ఎడతెగక సాగుచున్న సన్నని గీతను వ్రేలితో చూపిరి. గీత కన్నులకు కనబడుచున్నది, చెవులకు వినబడుట లేదు. ఇరువది యేండ్లకు పైగా శబ్దమును అమ్ముకొని బ్రతికినవారికి అది చిన్న విషయము కాదు. మరునాడే చెవి వైద్యుని యొద్దకు పోతిమి. ఆయన మా చెవులకు ఒక్కొక్క స్వరమును వినిపించి, గీసిన పటమును మా చేతికిచ్చిరి. 4,000 హెర్‌ట్జుల చోట ఆ గీత గోతిలో పడినట్లు దిగిపోయినది. "చెవిలో పెట్టుకొని పాటలు వినుట ఎప్పటినుండి?" అని ఆయన అడిగిన మొదటి ప్రశ్న.

విశాఖపట్టణమున విశ్వవిద్యాలయములో చదువుకొను దినములనుండి అని చెప్పితిమి. సముద్రతీరపు దారిని సాయంకాలము నడచునప్పుడు నడుమునకు క్యాసెట్టు యంత్రము, చెవులకు దాని గొట్టములు. కెరటముల ఘోషను, బస్సుల మోతను మించి పాట వినబడవలెనని చక్రమును చివరివరకు త్రిప్పెడివారము. దానికి తోడు తరువాత వచ్చిన ఉద్యోగమునను హెడ్‌ఫోనులే. పాఠకులు మన్నింతురు గాక, ఈ వ్యాసము మా చెవి పటమునుండి పుట్టినది.

నడకకు పాట తోడగుట క్రొత్త కాదు. ధనుర్మాసమున తలపై అక్షయపాత్రయు, భుజమున తంబురయు, చేత చిడతలును ధరించి వచ్చు హరిదాసు నడకయు పాటయు వేరుచేయరానివి. ఆతని కాలి గజ్జెయే ఆతని తాళము. గోదావరిపై ధవళేశ్వరమున 1847లో మొదలిడి 1852లో ముగించిన ఆనకట్ట వలన డెల్టాకు కాలువలు వచ్చినవి. వానిపై పడవ ప్రయాణములు ముమ్మరముగ సాగిన దినములలో, గాలి అనుకూలింపనప్పుడు పడవవారు గట్టెక్కి, త్రాడు భుజమున వేసికొని, పడవను లాగుచు నడచెడివారు. అట్టి నడకలో పాట వినోదము కాదు. అందరి అడుగు ఒక్కసారి పడుటకు అదియే సాధనము. వరినాట్ల వేళ పాటయు అట్టిదే. ఈ పాటలన్నిటి యందును ఒక సామాన్య లక్షణము కలదు: నడచువాడే పాడువాడు, లేదా పాడువాడు ప్రక్కనే యుండును. పాట ఆగినచో ఏదియో జరిగినదని అందరికిని తెలియును.

రేడియో వచ్చిన తరువాత కూడ ఈ లక్షణము వెంటనే మారలేదు. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రసారములు ప్రారంభించిన నాటికి రేడియో యనగా బల్లమీద కూర్చుండునది. కవాటములు వేడెక్కువరకు కాచుకొనియుండవలెను, గృహస్థు లైసెన్సు రుసుము చెల్లింపవలెను. ఊరికంతటికిని ఒక్కటే పంచాయతీ రేడియో యున్నచోట్ల వినువారే దాని యొద్దకు నడచి వచ్చిరి. దానికి కాళ్లు వచ్చినది ట్రాన్సిస్టరు వలన. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆ చిన్న పరికరము పుట్టినది. 1954లో రీజెన్సీ అను పేర జేబులో పట్టు రేడియో ఆ దేశమున అంగళ్లకు వచ్చినది. అందులో నాలుగే ట్రాన్సిస్టరులు. ఆ తరువాతి దశాబ్దములలో మన పల్లెలలో సైకిలు చేతికి వ్రేలాడుచు, పొలము గట్టున చెట్టుకొమ్మకు తగిలించబడి, గొడ్లకాపరి భుజమున ఎక్కి అది తిరుగనిచోటు లేదు. అయినను అది బయటికే పాడినది. ప్రక్క పొలములోని వానికి కూడ వార్తలు ఉచితముగ లభించెడివి. ప్రక్కవానికి ఇష్టము లేకున్నను లభించెడివి, అది వేరు మాట.

పాటను పూర్తిగ చెవిలోనికి పంపినది జపాను దేశపు సోనీ సంస్థవారి వాక్‌మన్. 1979 జూలై 1వ తేదీన అది విపణికి వచ్చినది. ఆ సంస్థ స్థాపకులలో ఒకరైన మసారు ఇబుకా దీర్ఘమైన విమానప్రయాణములలో సంగీతము వినుటకు తేలికైన యంత్రమొకటి కావలెనని కోరిరట. పాత్రికేయులకొరకు చేసిన చిన్న టేపురికార్డరు నుండి ముద్రణ భాగమును తొలగించి దానిని తయారుచేసిరి. ఇందొక చిత్రమైన సంగతి యున్నది. రెండవ స్థాపకుడు అకియో మొరితా ఆ యంత్రమును ఇంట వినుచుండగా, తన్ను దూరముగ నుంచినట్లు భార్య నొచ్చుకొన్నదని ఆయన తరువాత వ్రాసికొనిరి. ఒంటరిగ వినుట అమర్యాద యగునేమో యను సందేహముతో, మొదటి వాక్‌మన్‌కు ఇద్దరు వినుటకు వీలుగ రెండు రంధ్రములు పెట్టించిరి. అంతేకాక నారింజరంగు మీటయొకటి అమర్చిరి. దానిని నొక్కినచో పాట తగ్గి, లోపలి చిన్న మైకు ద్వారా ప్రక్కవాని మాట చెవిన పడును. కొన్నవారు ఆ రెండింటిని అంతగా వాడలేదు. తరువాతి నమూనాలలో ఆ మీట మాయమైనది. చెవిలో పాట యున్నవానికి బయటి లోకమును వినిపించు ఉపాయము మొదటినాడే ఉండెను, జనులే దానిని వలదనిరి. 2001లో వేయి పాటలు పట్టు ఐపాడ్ వచ్చుటయు, ఆ పిమ్మట అన్ని పనులును ఫోనులోనికి చేరుటయు పాఠకులెరిగినవే.

ఇక, నడచుచు పాట వినుట వలన మేలున్నదా? ఉన్నది. ఈ మాటను దాచిపెట్టి భయపెట్టుట న్యాయము కాదు. 1911లోనే లియొనార్డ్ ఎయిర్స్ అను అమెరికా పరిశోధకుడు న్యూయార్కులో ఆరు దినముల సైకిలు పందెమును గమనించి, బ్యాండు మ్రోగుచున్నప్పుడు పోటీదారులు మరింత వేగముగ త్రొక్కుచున్నారని లెక్కకట్టెను. ఇటీవలి కాలమున లండనులోని బ్రూనెల్ విశ్వవిద్యాలయమున ఆచార్యులు కోస్టాస్ కరగోర్గిస్ అనేక సంవత్సరములు ఈ విషయమునే పరిశోధించిరి. మెల్లని, మధ్యరకపు శ్రమలో సంగీతము అలసట తోచుటను ఇంచుమించు పదవ వంతు తగ్గించునని వారి పరిశోధనల సారాంశము. శరీరము పడు శ్రమ తగ్గదు. ఆ శ్రమను మనసు లెక్కించుట తగ్గును. శ్రమ మితిమీరినప్పుడు ఈ మాయ పనిచేయదు, ఒగర్పు ముందు ఏ పాటయు నిలువదు. పాట లయ అడుగుతో కలిసినచో ప్రయోజనము హెచ్చు. నిమిషమునకు 100 అడుగుల నడక ఒక మాదిరి వ్యాయామమని వైద్యశాస్త్రజ్ఞులు చెప్పుదురు. సైనికుల కవాతు సుమారు 120 అడుగులు. కావున విలంబములో సాగు కీర్తనతో చురుకుగ నడువబోయినవాడు తనకు తెలియకయే కాళ్లను ఈడ్చుట వింత కాదు. ఇట్లు పాట సాయమగుననుట చేతనే కొంతవరకు, ఇతరుల సూచనలు వినబడవనుట చేత కొంతవరకు, అమెరికా పరుగుపందెముల సంఘమువారు 2007లో పోటీలలో ఈ పరికరములను నిషేధించిరి. మరుసటి సంవత్సరమే ఆ నిషేధమును బహుమతులకు పోటీపడని సామాన్యుల విషయమున సడలించిరి.

మేలు ఇది. కీడు ఎచ్చటనున్నదో తెలియవలెనన్న చెవి లోపలికి పోవలెను. లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనిన నాళము కలదు. అందు సుమారు 15,000 రోమకణములు నారుమడిలో మొలకలవలె వరుసలు తీరియుండును. శబ్దతరంగము వచ్చినప్పుడు ఆ మొలకలు వంగి లేచును. ఆ కదలికయే విద్యుత్సంకేతమై మెదడునకు పోవును. మితమైన గాలికి నారు వంగి తిరిగి లేచినట్లే ఇవియు లేచును. పెనుగాలి గంటల తరబడి వీచినచో నేలకొరగును. కడియము రైతునకు మాడిన మొలక స్థానమున మరియొకటి నాటుట సులువు. మనుష్యుని చెవిలో ఆ కణములు తిరిగి మొలవవు. మొదట చెడునవి 4,000 హెర్‌ట్జుల దరిదాపు స్వరములను గ్రహించునవి. అందుచేత మనుష్యుడు తనకు చెవుడు వచ్చుచున్నదని చాలకాలము తెలిసికొనలేడు. మాట వినబడుచునే యుండును, కాని 'స', 'త' వంటి అక్షరములు స్పష్టత కోల్పోవును. పెండ్లి సందడిలో ప్రక్కవాని మాట అర్థము కాదు. పిట్టకూత, కీచురాయి చప్పుడు ముందుగనే సెలవు తీసికొనును.

ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఇందుకొక లెక్క నిర్ణయించిరి. పెద్దలు 80 డెసిబెల్ల తీవ్రత గల శబ్దమును వారమునకు 40 గంటలు వినవచ్చును. 3 డెసిబెల్లు పెరిగినప్పుడెల్ల శబ్దశక్తి రెట్టింపగును గనుక, వినదగిన కాలము సగమగును. 83 అయినచో 20 గంటలు, 86 అయినచో 10, 89 అయినచో 5. ఇట్లు పోగా 101 డెసిబెల్ల యొద్ద వారమంతటికిని ఇరువది నిమిషములైనను మిగులవు. ఫోనుయొక్క శబ్దమును చివరివరకు పెంచినచో అనేక ఇయర్‌ఫోనులు 100ను దాటగలవు. అనగా దినమునకు ముప్పావుగంట నడచుచు గరిష్ఠ శబ్దముతో వినువాడు సోమవారము నడక సగమైనను పూర్తికాకముందే ఆ వారపు వాటాను ఖర్చుచేసికొనుచున్నాడు. 12 మొదలు 35 ఏండ్ల వయసువారిలో 100 కోట్లమందికి పైగా ఇట్టి వినికిడి అలవాటులచే ప్రమాదమునకు లోబడియున్నారని ఆ సంస్థవారి అంచనా.

ఇంటిలో కూర్చుండి వినువానికన్న ఆరుబయట నడచువానికి ఈ ప్రమాదము హెచ్చు. కారణము పాట కాదు, దారి. కడియము రహదారి ప్రక్కన నిలుచున్నవానికి లారీల మోత పాటను మ్రింగివేయును. మోతపై పాట తేలవలెనని ఆతడు మీట నొక్కును. లారీ పోయినను మీటను తగ్గించుట మరచును. విశాఖ తీరమున మేము చేసినదియు ఇదియే.

కొందరు తెలివిగ ఒక చెవిని వదలి రెండవ చెవిలో మాత్రము పెట్టుకొందురు. దీనివలన బయటి చప్పుడు కొంత వినబడునన్నది నిజమే. కాని రెండు చెవులు కలిసి విన్నప్పటి బిగ్గరతనము ఒక్క చెవికి రాదు గనుక ఆ ఒక్కదానిలో శబ్దమును పెంచుట జరుగును. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి. చప్పుడు కుడినుండి వచ్చినదో, ఎడమనుండి వచ్చినదో మనము గుర్తించునది రెండు చెవులకు అది చేరు కాలభేదమును, బలభేదమును పోల్చి. ఆ కాలభేదము సెకనులో వేయవ వంతుకన్నను తక్కువ. ఒక చెవి పాటలో మునిగియున్నవానికి హారను వినబడును గాని ఏ ప్రక్కకు తప్పుకొనవలెనో తెలియదు. మాకిది అనుభవము. కొన్నియేండ్ల క్రిందట ఒక కాలువగట్టున వెనుకనుండి గడ్డిబండితో ట్రాక్టరు వచ్చుచుండగా మేము తప్పుకొన్నది ట్రాక్టరు వైపునకే. దానిని నడుపుచున్న పెద్దమనిషి బ్రేకు వేసి, దిగి, మమ్ము తిట్టలేదు. "బాబుగారూ, ఆ చెవిలోది తీసి జేబులో పెట్టండి, మీ ఇంటికాడ ఎదురు చూస్తా ఉంటారు" అని మాత్రము అనెను. తిట్టినచో మరచియుందుము.

కడియము మీదుగ హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గము పోవుచున్నది. పట్టాల ప్రక్క కాలిదారిని నడచుట అచ్చటనే కాదు, దేశమంతటను జనులకు అలవాటు. గంటకు 110 కిలోమీటర్ల వేగమున వచ్చు రైలు సెకనుకు 30 మీటర్లు దాటును. విద్యుత్తు ఇంజను ఎదుటినుండి వచ్చునప్పుడు దాని చప్పుడు మనమనుకొనునంత ముందుగ చేరదు. చెవిలో పాట యున్నవానికి ఆ కొలదిపాటి వ్యవధియు పోవును. 1989 నాటి రైల్వేచట్టము 147వ నిబంధన ప్రకారము అనుమతి లేక పట్టాలపై నడచుట నేరము, ఆరునెలల వరకు కారాగారమో, వేయి రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. కాని చట్టము కన్న లెక్కలే ఎక్కువ భయము కలిగించునవి. 2012లో అమెరికాలో మేరీలాండు విశ్వవిద్యాలయపు వైద్యులు ప్రకటించిన పరిశీలన యొకటి కలదు. 2004 మొదలు 2011 వరకు హెడ్‌ఫోనులు ధరించి నడచుచు ప్రమాదములకు గురియైన 116 మంది వృత్తాంతములను వారు సేకరించిరి. వారిలో నూటికి 70 మంది మరణించిరి. సగమునకు పైగా రైళ్లు తగిలినవే. నూటికి 29 ప్రమాదములలో ముందుగ కూతయో హారనో మ్రోగినట్లు స్పష్టముగ నమోదైయున్నది. మన దేశమున 2018 ఏప్రిల్ 26వ తేదీన ఉత్తరప్రదేశమున కుశీనగరము వద్ద కావలిలేని రైలుగేటు దాటుచున్న బడివాహనమును రైలు ఢీకొని 13 మంది పిల్లలు మరణించిరి. చోదకుడు చెవులలో ఇయర్‌ఫోనులు పెట్టుకొనియుండెనని అధికారులు ప్రకటించిరి. నడచువాడు తన ప్రాణమునకే బాధ్యుడు, వాహనము నడుపువాని లెక్క వేరు.

వినుట మానుడని మేము చెప్పుట లేదు. రేడియోవారు అట్లు చెప్పుటయు విడ్డూరమే యగును. తీగగల ఇయర్‌ఫోనునకు మాకును బంధుత్వము కూడ నున్నది. ఫోనులో ఎఫ్.ఎం. వినవలెనన్న ఆ తీగయే ఏరియలుగా పనిచేయును. తీగ లేనిచో స్టేషను పట్టదు. తీగలేని గుబ్బలు వచ్చిన తరువాత ఆ శ్రోతలలో కొందరు ఇంటర్నెట్టు ద్వారా మమ్ము వినుచున్నారు, కొందరు వినుటయే మానిరి. ఉన్న శ్రోతల చెవులైనను పదికాలములు పనిచేయవలెనన్న స్వార్థము మాకు లేకపోలేదు.

మా వైద్యుడు మాకు చెప్పినవి స్వల్పమే. శబ్దమును గరిష్ఠములో నూటికి 60 వంతులు దాటనీయరాదు. చాచిన చేయి దూరమున నిలిచి మామూలుగ మాటాడువాని మాట వినబడనిచో పాట మించినదని గ్రహింపవలెను. నడక తరువాత చెవిలో గింగురుమను మ్రోత కాని, దూది పెట్టినట్లు దిబ్బడ కాని కలిగినచో ఆ దినము చెవికి దెబ్బ తగిలినదనియే లెక్క. మ్రోత తగ్గినంత మాత్రమున నష్టము తీరినదని కాదు. ఇప్పటి ఫోనులు కొన్నింటిలో వారము పొడుగున ఎంత శబ్దము విన్నదియు లెక్కకట్టి చూపు ఏర్పాటున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషనుల సంఘమును కలిసి 2019లో ఇట్టి ఏర్పాటునకు ప్రమాణములు ప్రకటించినవి. ఇంట పిల్లలున్నవారు వారి ఫోనులో ఆ లెక్కను ఒకసారి తెరచి చూడవచ్చును. మేము మా అబ్బాయి ఫోనులో చూచితిమి. ఆ సంభాషణ ఇచ్చట వ్రాయదగినది కాదు.

నడకకు దారి నెన్నుకొనుటలోనే సగము సంగతి యున్నది. వాహనములు రాని మైదానమునను, పాఠశాల ఆవరణమునను తగుమాత్రపు పాటతో నడచువానికి దోషము లేదు. గట్టుమీదను, రోడ్డుపైనను, రైలుదారి దగ్గరను చెవులు ఖాళీగ నుండవలెను. ఈ కాలమున బ్యాటరీతో నడచు స్కూటరులు, ఆటోలు చప్పుడు చేయకుండ వెనుకకు వచ్చుచున్నవి గనుక ఇది మునుపటికన్న అవసరము.

ఆ రూపకమునకు కొంత ముద్రణము తక్కువపడి మేము మరల కడియము పోతిమి. ఈసారి తిన్నగ ఒక నర్సరీలోనికి. ఎనమండుగురు స్త్రీలు సంచులకు మట్టి నింపుచున్నారు. నడుమ ఒక ఖాళీ పూలకుండి, అందులో నిలువుగ పెట్టిన ఫోను, దానినుండి పాట. కుండి గోడలు చప్పుడును ఒడిసిపట్టి పైకి పంపుచున్నవి. లౌడుస్పీకరు కొననవసరము లేదు. ఇయర్‌ఫోనులు వాడరా యని మేము వారిలో పెద్దామెను అడిగితిమి. "చెవిలో పెట్టుకుంటే పక్కదాని కబుర్లు వినబడవు కదండీ" అని ఆమె నవ్వెను. ముద్రణకొరకు కొద్దిసేపు పాటను ఆపుమని కోరగా ఆపిరి. నీటిగొట్టము కట్టివేసిరి. మాతో వచ్చిన యువతి కొంతసేపు చెవి యొగ్గి నిలిచి, కనకాంబరపు మడి వైపు చేయి చూపెను. మేము మైకును అటు త్రిప్పితిమి.